ఇంకా రెండు చోట్లే ఉన్నాయి

శశాంక్ బాధ ఒక్కటే. ఇంత మంచి చోటుకి ఎవరూ రావడం లేదు.

సాలూరు దాటి కొంత దూరం వెళ్తే ఒక చిన్న కొండ వస్తుంది. రెండు వందల మెట్లెక్కితే, కొండకు సగం ఎత్తులో, పెంకుల కప్పున్న పొడవాటి సావిడి. దానికి బోర్డు లేదు, పేరూ లేదు. చుట్టుపక్కల వాళ్లు 'ఊరికే కూర్చునే మఠం' అంటారు. వెక్కిరింపుగా పెట్టిన పేరే గానీ అందులో అబద్ధమేమీ లేదు. అక్కడ మంత్రం ఇవ్వరు, ప్రవచనం చెప్పరు, విభూతి పెట్టరు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అందరూ తుంగచాపలు పరుచుకుని కాసేపు ఊరికే కూర్చుంటారు. ఆ తర్వాత లేచి ఎవరి పని వాళ్లు చూసుకుంటారు.

గురువు పేరు గౌరీసు. డెబ్బై దాటిన బక్కపల్చటి మనిషి. ఆయనకు ఇష్టమైనవి రెండు. సాయంత్రం పూట ఉల్లిపాయ నంజుకుని తాగే, రాగులతో కాచిన చోడి అంబలి ఒకటి, బుధవారం సంత ఒకటి. సంతలో కొనేది నాలుగు వంకాయలు, ఒక కట్ట తమలపాకులు. కత్తులు సానబట్టే ముసలాయన పక్కన కూర్చుని చెప్పుకునే కబుర్లు మాత్రం పొద్దు వాలేదాకా సాగేవి.

శశాంక్ విశాఖపట్నంలో ఆరేళ్లు ఒక కంపెనీకి ఆన్‌లైన్ ప్రకటనలు రాశాడు. పరుపుల దగ్గర్నుంచి జుట్టు నూనె దాకా అతను రాయనిది లేదు. పరుపుల గురించి అంత బాగా రాసిన మనిషికి నిద్ర పట్టడం మానేసింది. ఎవరో చెబితే ఈ కొండెక్కాడు. వచ్చిన మూడో రోజు పొద్దెక్కేదాకా ఒళ్లు తెలియకుండా పడుకున్నాడు. ఇక దిగలేదు. ఉండిపోయి ఏడాదయింది.

సావిడిలో గోడవారగా నలభై చాపలు చుట్టి ఉండేవి. ఏ రోజు చూసినా పరిచినవి మూడో నాలుగో. మిగతావాటికి బూజు పట్టకుండా నెలకోసారి ఎండలో వేసి దులిపేవాడు శశాంక్. దులుపుతున్నప్పుడల్లా ఆ ఖాళీ చాపలు లెక్కపెట్టేవాడు. కింద ఊళ్లలో ఎంతమంది తనలాగే నిద్ర లేకుండా ఉన్నారో, వాళ్లకు ఈ కొండ సంగతి తెలిస్తే చాలు కదా అనుకునేవాడు. మంచి ఉద్దేశమే. అందులో ఎవరూ వంక పెట్టలేరు.

అందుకని మఠం పేరున ఫోన్‌లో ఒక పేజీ తెరిచాడు. మెట్ల దగ్గర పెద్ద బండ మీద కూర్చుంటేనే సిగ్నల్ అందుతుంది. ఒక మధ్యాహ్నమంతా ఆ బండ మీదే కూర్చుని రాశాడు. పాత చెయ్యి కదా, ఎక్కడా తడుముకోలేదు.

'ముప్పై ఏళ్లుగా కొండను విడవని గురువు. రోజుకు ఒక్క పూటే ఆహారం. మూడే మూడు రోజుల్లో మీ దుఃఖం తేలికవుతుంది. ఈ వారం ఇంకా రెండు చోట్లే ఉన్నాయి. ఇప్పుడే రండి.'

జనం రావడం మొదలైంది. వారానికి అయిదుగురు, ఒక్కోసారి పది మంది. చాపలు విచ్చుకున్నాయి. శశాంక్ మనసు నిండిపోయింది. గురువుగారు మాత్రం వచ్చినవాళ్లను వచ్చినట్టే పలకరించారు, ఎందుకొచ్చారని ఎవరినీ అడగలేదు.

సంగతి బయటపడింది పట్నాయక్‌గారి వల్ల. ఆయన బొబ్బిలిలో పోస్టుమాస్టరుగా చేసి రిటైరైన పెద్దమనిషి, మర్యాదస్తుడు. వచ్చిన రోజు సాయంత్రం వంటింటి వైపు వెళ్తే, గురువుగారు పీట మీద కూర్చుని అంబలి తాగుతున్నారు. పట్నాయక్‌గారు గుమ్మంలోనే ఆగిపోయారు. ఆ తర్వాత ముఖం పక్కకు తిప్పుకుని, "నేనేమీ చూడలేదు లెండి," అన్నారు.

గురువుగారికి అర్థం కాలేదు. చూడకూడనిది ఏమిటని అడిగారు. పట్నాయక్‌గారు ఇబ్బంది పడుతూనే ఫోన్‌లో చదివిన మాట చెప్పారు. రోజుకు ఒక్క పూటే కదా మీకు, అన్నారు.

గురువుగారు ఆ అంబలి పూర్తిచేసి, గిన్నె కడిగి బోర్లించి, శశాంక్‌ను పిలిచారు. నువ్వేదో రాశావట, చదివి వినిపించు, అన్నారు.

శశాంక్ సంతోషంగానే చదివాడు. అందులో అతనికి సిగ్గుపడాల్సిందేమీ కనిపించలేదు. ఒక్కో వాక్యానికి అతని దగ్గర ఒక్కో సమాధానం ఉంది. ముప్పై ఏళ్లుగా గురువుగారు ఇంకో ఊళ్లో కాపురం పెట్టలేదు కాబట్టి కొండను విడవనట్టే. తను వచ్చిన కొత్తలో ఆయనకు అజీర్తి చేసి వారం రోజులు ఒక పూటే తిన్నారు, అది కళ్లారా చూసిందే. కిందటేడు పార్వతీపురం నుంచి వచ్చిన బట్టల కొట్టాయన మూడో రోజు మెట్లు దిగుతూ చాలా తేలిగ్గా ఉందని చెప్పే వెళ్లాడు. ఆయన ఇంట్లో ఆ మూడు రోజులూ అత్తవారి తరఫు చుట్టాలున్నారన్న సంగతి వేరు.

"మరి రెండు చోట్లో?" అన్నారు గురువుగారు. "నలభై సాపలున్నాయి కదా."

"అది అబద్ధం కాదు గురువుగారూ, అలవాటు. ఆన్‌లైన్‌లో అందరూ అలాగే రాస్తారు. లేకపోతే జనం రేపు చూద్దాంలే అనుకుంటారు."

"రేపు సూస్తే ఏటి?"

"రేపటికి మర్చిపోతారు."

గురువుగారు తల ఊపారు. ఇంకోసారి మొదటినుంచి నెమ్మదిగా చదవమన్నారు. కంఠతా పట్టే పిల్లాడిలా కళ్లు మూసుకుని విన్నారు. శశాంక్ అది మెచ్చుకోలు అనుకున్నాడు.

ఇక్కడ ఆ మఠం కట్టుబాటు ఒకటి చెప్పాలి. మఠం పేరున ఎవరు మాట ఇచ్చినా, అది మఠంలో అందరి మాటా అవుతుంది. నిలబెట్టాల్సిన పూచీ ముందు గురువుది. గౌరీసుగారి గురువుగారి కాలంలో ఒక శిష్యుడు, కింద దారిన పోయే పెళ్లివారిని పైకి రండి, మంచినీళ్లున్నాయి, అని నోరు జారి పిలిచాడట. బావి ఎండిపోయి నాలుగు రోజులైన సంగతి వాడికి గుర్తులేదు. ఆ పూట గురువుతో సహా అందరూ కుండలు నెత్తిన పెట్టుకుని వాగు దగ్గర్నుంచి నీళ్లు మోశారు. ఇచ్చిన మాటను వెనక్కి తీసుకోకూడదని కాదు. తీసుకోవచ్చు. కాకపోతే ఇచ్చినవాడే, ఎవరికి ఇచ్చాడో వాళ్ల ఎదట నిలబడి తీసుకోవాలి. మరొకరు తీసుకుంటే చెల్లదు. శశాంక్‌కు వచ్చిన మొదటిరోజే ఇదంతా చెప్పారు. తేలు కనబడితే చంపకుండా చేటలోకి ఎత్తి అవతల పారేయడం దగ్గర్నుంచి ఆ రోజు చాలా చెప్పారు. అతను అన్నింటికీ ఊఁ కొట్టాడు.

మర్నాడు సాయంత్రం వంటచేసే నూకయ్య అంబలి గిన్నె తెచ్చి పెట్టాడు. గురువుగారు దాన్ని పక్కకు జరిపారు. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాడు నూకయ్య. ఆ మర్నాడూ జరిపారు. మూడోనాడు నూకయ్య నా వంట బాగోలేదా, ఉప్పెక్కువైందా, అని నిలదీశాడు. ఏమీ కాలేదు, ఒక పూటే తింటానని మాట ఉంది, అన్నారాయన.

బుధవారం వచ్చింది. చేతిసంచీ మేకుకు తగిలించినట్టే ఉంది. గురువుగారు మెట్ల దాకా వెళ్లి, కిందికి చూసి, వెనక్కి తిరిగి వచ్చేశారు. పై బుధవారం సానబట్టే ముసలాయన ఎవరిచేతనో కబురు పంపాడు, ఏమైనా కోపమా అని. కోపం లేదు, కొండ దిగనని మాట ఉంది, అని తిరుగు కబురు వెళ్లింది.

అప్పటికి శశాంక్‌కు అర్థమైంది. ఆ మధ్యాహ్నం బండ మీదికి వెళ్లి ఫోన్ తీశాడు, ఆ రెండు వాక్యాలూ కొట్టేద్దామనే తీశాడు.

తీసి, చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. మనిషి మనసు ఎంత నేర్పరిదో అక్కడ చూడాలి. గురువుగారు ఒక పూటే తింటున్నారు, కొండ దిగడం లేదు. అంటే రాసింది నిజమైంది కదా. నిజమైనదాన్ని కొట్టేయడమెందుకు? పైగా ఈ వయసులో మితాహారం మంచిదే. ఇలా అనుకునేసరికి అతనికి నెమ్మదించింది. ఫోన్ జేబులో పెట్టుకుని లేచాడు.

ఆ పెద్దాయన చిక్కిపోవడం రోజూ చూస్తూనే ఉన్నాడు. సాయంత్రం కూర్చున్నప్పుడు ఆయన కడుపు మూలగడం పక్క చాప మీదున్న శశాంక్‌కు వినబడేది. బాధ కలిగేది, నిజంగానే కలిగేది. అయినా పేజీ పేజీలాగే ఉంది.

పట్నాయక్‌గారు మూడు రోజులకని వచ్చి, చోటు నచ్చి, ఉండిపోయారు. పార్వతీపురం నుంచి నర్సింగ్ చదివే అమ్మాయి ఒకతె పరీక్ష తప్పి వచ్చింది. ఆ వారానికి వాళ్లిద్దరే. శుక్రవారం పొద్దున గురువుగారు సావిడిలోకి వెళ్లి చాపలు భుజాన వేసుకుని ఒక్కొక్కటీ పశువుల పాకలోకి చేరవేయడం మొదలుపెట్టారు. శశాంక్ పరుగెత్తుకెళ్లి సాయం పట్టబోయాడు, ఎందుకని అడిగాడు. ఈ వారం రెండు చోట్లే కదా, అన్నారాయన. మఠంలో ఉండేవాళ్లవి కాక వచ్చినవాళ్ల కోసం రెండే రెండు చాపలు మిగిలాయి. వాటిమీద పట్నాయక్‌గారు, ఆ అమ్మాయి ఉన్నారు. సావిడి ఖాళీగా, పెద్దగా కనిపించింది.

ఆ మధ్యాహ్నమే ఎర్నమ్మ వచ్చింది.

యాభై అయిదేళ్లుంటాయి. చేతిలో ఒక గుడ్డసంచీ. మెట్లన్నీ ఎక్కి, పై మెట్టు మీద ఆయాసంతో కూలబడింది. గురువుగారు సావిడి అరుగు మీదే ఉన్నారు. ఆమెను చూశారు, శశాంక్‌ను చూశారు.

"మాట నీది," అన్నారు. "ఎల్లి సెప్పు."

శశాంక్ వెళ్లాడు. ఇలాంటివి చెప్పడం అతనికి కొత్త కాదు. సరుకు అయిపోయిందని, గడువు దాటిపోయిందని వేలమందికి చెప్పాడు. కాకపోతే అదంతా ఫోన్‌లో. ఎదురుగా నిలబడి, చెమట తుడుచుకుంటున్న మనిషి ముఖం చూస్తూ ఎన్నడూ చెప్పలేదు. ముందు మంచినీళ్లిచ్చాడు. ఆమె తాగేదాకా ఆగి, చోట్లు అయిపోయాయమ్మా అన్నాడు.

"రెండున్నాయని రాసున్నాది కదా బాబూ," అందామె. "పొద్దున బస్సెక్కినప్పుడు కూడా మా పక్కింటి గుంట సూసి సెప్పింది. రెండున్నాయి, ఎల్లు పిన్నీ, అంది."

ఆ పక్కింటి పిల్ల నిన్న చూసినా రెండే, ఆర్నెల్ల కిందట చూసినా రెండే. శశాంక్‌కు ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది. ఈలోపల నిండిపోయాయమ్మా, అన్నాడు.

ఆమె వాదించలేదు. వాదించి ఉంటే అతనికి తేలికయ్యేది. సరే, నా రాత, అనుకుని బస్సెప్పుడుందో అడిగింది. నాలుగింటికి ఉందన్నాడు. అందాకా ఆ మెట్టు మీదే కూర్చుంటానంది. కూర్చుని, ఎవరూ అడగకుండానే తన సంగతి చెప్పుకుంది.

ఆమెది రాజాం. అక్కాచెల్లెళ్లిద్దరూ బస్టాండు పక్కన టిఫిన్ కొట్టు నడిపేవారు. ముప్పై ఏళ్లు. ఇద్దరికీ మగదిక్కు లేదు, పిల్లలు లేరు. అక్క పిండి రుబ్బి చట్నీ చేసేది, ఎర్నమ్మ పెనం దగ్గర ఉండేది. రోజంతా ఒకరినొకరు తిట్టుకుంటూనే పనిచేసేవారు. దీపావళి వెళ్లిన వారానికి అక్క పోయింది. కొట్టు మూయలేదు, ఇప్పుడు పిండి కూడా ఈమే రుబ్బుకుంటోంది. పనికి లోటు రాలేదు. కొట్టు కట్టేసి ఇంటికి వెళ్లాక ఇల్లు కరవడానికి వస్తోంది. ముద్ద దిగడం లేదు. డాక్టరు బిళ్లలిచ్చాడు, వాటివల్ల మత్తే గానీ ఇంకేం లేదు. అప్పుడు పక్కింటి పిల్ల ఫోన్‌లో ఇది చదివి వినిపించింది. మూడు రోజులు కొట్టు కట్టేసి వచ్చింది. ముప్పై ఏళ్లలో మూడు రోజులు కట్టేయడం ఇదే మొదలు.

శశాంక్ వింటూ నిలబడ్డాడు. ఆమె ముక్కు తుడుచుకుని, సంచీ దగ్గరికి లాక్కుంది.

"ఒక్క మాట సెప్పు బాబూ. మూడు రోజుల్లో తగ్గుతాదని రాసినారు కదా. ఆ మూడు రోజులూ ఇక్కడ ఏటి సేస్తారో సెప్పు. గుర్తెట్టుకుని, ఇంటికెల్లి నానే సేసుకుంటాను."

ఆమె నిజంగానే అడిగింది. గుర్తుపెట్టుకోవడానికి సిద్ధంగా అతని ముఖంలోకి చూస్తోంది.

పరుపుకు రాసిన మాట, జుట్టు నూనెకు రాసిన మాట, ఏదీ నోటికి రాలేదు. శశాంక్ ఆమెకు ఒక మెట్టు కింద కూర్చున్నాడు.

"అమ్మా, ఇక్కడ రెండు చోట్లే అన్నది అబద్ధం. నేనే రాశాను. లోపల నలభై మందికి చోటుంది, ఎప్పుడూ ఉంది. గురువుగారు రెండు పూటలా తింటారు, సంతకు వెళ్తారు. ఆ రాతల కోసం ఇన్నాళ్లూ నేనే ఆయన కడుపు మాడ్చాను."

ఎర్నమ్మకు సంతల సంగతి అక్కర్లేదు. ఆమె ఒక్కటే పట్టుకుంది.

"మరి మూడు రోజుల్లో తగ్గుతాదన్నది?"

"అదీ నేనే రాశానమ్మా. తగ్గుతుందో లేదో నాకు తెలీదు."

ఆమె చెంగుతో మెడ తుడుచుకుంది. కింద రోడ్డు మీద ఒక లారీ కొండ వైపు మూలుగుతూ ఎక్కింది. ఇప్పుడు తిడుతుందని శశాంక్ ఎదురుచూశాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

"అయితే ఇక్కడ ఏటి సేస్తారు?" అని అడిగింది చివరికి.

"ఏమీ చేయం. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు ఊరికే కూర్చుంటాం."

"ఎవరికి వాళ్లా?"

"కాదు. అందరం కలిసి, పక్కపక్కనే."

"మాట్లాడక్కర్లేదా?"

"అక్కర్లేదు."

ఎర్నమ్మ సావిడి వైపు చూసింది. పట్నాయక్‌గారు గుమ్మంలో కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటున్నారు. నర్సింగ్ అమ్మాయి జడ వేసుకుంటోంది. ఎర్నమ్మ మోకాళ్ల మీద చేతులానించి మెల్లగా లేచింది. సంచీ తీసుకుంది. కిందికి దిగుతుందనుకుని శశాంక్ పక్కకు తప్పుకున్నాడు. ఆమె దిగలేదు. చెప్పులు మెట్టు మీద విడిచి, లోపలికి నడిచింది.

గురువుగారు అరుగు మీద నుంచి లేచి వచ్చారు. మాటలన్నీ ఆయనకు వినబడే ఉంటాయి. శశాంక్ తల ఎత్తలేదు. పేజీ ఈ క్షణమే తీసేస్తానన్నాడు.

"తియ్యడమెందుకు? ఇప్పుడు ఆయమ్మకి సెప్పినావు సూడు, అదే రాయి."

"తగ్గుతుందో లేదో తెలీదనా? అలా రాస్తే ఎవరూ రారు గురువుగారూ."

గురువుగారు సావిడి వైపు చూశారు. లోపల ఎర్నమ్మ పైట చెంగుతో నేల తుడుచుకుని, ఆ అమ్మాయి పక్కన కూర్చుంటోంది.

"ఆవిడొచ్చింది కదా," అన్నారు.